మధురపూడి నుంచి శంషాబాద్: గాల్లో 360 కిలోమీటర్లకి గంటా పావు ఎందుకు?

అంబాజీపేట_అబ్బాయి
చెల్లి పురిటికి అమ్మని దుబాయ్ పంపాలి. శంషాబాద్ నుంచి రాత్రి తొమ్మిదిన్నర ఫ్లైట్‌కి బావగారు టికెట్ తీసేశారు. రాజమండ్రి (మధురపూడి ఎయిర్‌పోర్టు) నుంచి శంషాబాద్ దాకా టికెట్ నేను తీయాలి. నెట్‌లో చూస్తే ఒక సైటు రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 360 కిలోమీటర్లు, టైము 27 నిమిషాలు అంటుంది. ఇంకో సైటు అదే దూరానికి 57 నిమిషాలు అంటుంది. టికెట్ మీద చూస్తే గంటా పావు. ఒకే దూరానికి మూడు టైములేంటండీ? ఢిల్లీ దీనికి దగ్గర దగ్గర నాలుగింతల దూరం, రెండున్నర గంటల్లో దిగిపోతున్నారు. ఆ లెక్కన హైదరాబాద్‌కి ముప్పావుగంట చాలు కదా. అమ్మ ఒక్కర్తే వెళ్తుంది, విమానం ఎక్కిన అలవాటు లేదు. ఎన్నింటి ఫ్లైట్ తీస్తే కంగారు లేకుండా అందుకుంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

బస్సే_బెస్ట్
రాత్రి ఎనిమిదింటికి అమలాపురంలో స్లీపర్ ఎక్కించండి. తెల్లారేసరికి హైదరాబాద్. ఇన్ని లెక్కలు అక్కర్లేదు.

లెక్కల_మాస్టారు
360 సరైనదే. శంషాబాద్ 17.2 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మధురపూడి 17.1 మీద. అంటే విమానం దాదాపు నేరుగా పడమరకి పోతుంది. రేఖాంశంలో తేడా 3.4 డిగ్రీలు. భూమధ్యరేఖ దగ్గర ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు వస్తాయి, మన అక్షాంశం దగ్గరికి వచ్చేసరికి అది 106కి తగ్గుతుంది. 3.4ని 106తో గుణించి చూడండి, 360 వస్తుంది.

ఇక మీ సైట్ల సంగతి. మొదటిది 360ని గంటకి 800 కిలోమీటర్ల వేగంతో భాగించింది, 27 నిమిషాలు వచ్చింది. రెండోది దానికే ఎక్కడం దిగడం కింద ఓ అరగంట కలిపింది, 57. రెండూ కాగితం మీద లెక్కలే. అక్కడ ఏ విమానం తిరుగుతుందో ఆ సైట్లకి పట్టదు.

భానుగుడి_సెంటర్
మాస్టారు రేఖాంశం మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా. దేశం మొత్తానికి గడియారం పెట్టే 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. మాకు పొద్దు పొడిచిన పదిహేను నిమిషాలకి గానీ హైదరాబాద్‌వాళ్ళకి పొడవదు. టైము గురించి మమ్మల్ని అడగాలి గానీ సైట్లనేంటి :)

రన్‌వే_05
మాస్టారి దూరం కరెక్టు. వేగం దగ్గర నేను కొంచెం చెప్పాలి, ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ డ్యూటీ చేసినవాణ్ణి.

మధురపూడి నుంచి హైదరాబాద్ తిరిగేది ఎక్కువగా ఏటీఆర్ 72. ముందు ఫ్యాన్లు తిరుగుతుంటాయి చూడండి, అది. 78 సీట్లు. ఎంత తోలినా గంటకి 500 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఢిల్లీ, ముంబైలకి వెళ్ళేది జెట్, అది 830 దాకా పోతుంది. మొదటి తేడా ఇక్కడే వచ్చింది.

రెండోది, టికెట్ మీద వేసే టైము గాల్లో ఉన్న టైము కాదు. ఇక్కడ చక్రాల ముందు అడ్డు తీసి బండి కదిలినప్పటి నుంచి, అక్కడ ఆగి మళ్ళీ అడ్డు పెట్టేదాకా లెక్క. మేము బ్లాక్ టైమ్ అంటాం. అందులో ఏమేం ఉంటాయంటే: రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, ఏటీసీ (విమానాలకి దారి ఇచ్చే కంట్రోల్ టవర్) సరే అనేదాకా ఆగడం, పైకి ఎక్కడానికి పావుగంట (ఆ పావుగంటా ఫుల్ స్పీడ్ ఉండదు), దిగేముందు వేగం తగ్గించుకుంటూ రావడం, శంషాబాద్‌లో దిగాక స్టాండ్ దాకా మళ్ళీ నెమ్మదిగా పోవడం. శంషాబాద్ రన్‌వే నాలుగు కిలోమీటర్ల పైనే ఉంటుంది, దిగిన చోటు నుంచి ఆగే చోటుకి పది నిమిషాలు పట్టిన రోజులున్నాయి.

ఇందులో కొంత వెసులుబాటు కూడా కలుపుతారు, రోజూ లేటు పడకుండా. అందుకే ఒక్కోరోజు పది నిమిషాలు ముందే దిగిపోతారు.

అంబాజీపేట_అబ్బాయి
అర్థమైందండీ. అయితే దూరం ఎక్కువైనా జెట్ అయితే అంతే టైములో పోతుందా?

రన్‌వే_05
విశాఖ చూడండి. అక్కణ్ణుంచి శంషాబాద్‌కి గాల్లో 510 కిలోమీటర్లు, మనకంటే 150 ఎక్కువ. జెట్‌లో వాళ్ళకీ గంటా పావు, గంటా ఇరవై. గన్నవరం నుంచి 265 లోపే, అయినా ఏటీఆర్‌కి గంట అటూఇటూ పడుతుంది. చిన్న దూరాల్లో నేల మీద, ఎక్కడం దిగడంలో పోయే టైమే పెద్దది. ఢిల్లీకి 1,360 కిలోమీటర్లు గానీ అందులో చాలా భాగం ఫుల్ స్పీడ్‌లో సాగిపోతుంది, అందుకని రెండున్నర గంటలు చాలు.

భీమవరం_బుల్లోడు
అంబాజీపేట గారూ, గన్నవరం చూడండి. ఫ్లైట్లు ఎక్కువ. ఒకటి పోయినా ఇంకోటి దొరుకుతుంది. మా భీమవరంవాళ్ళం అంతా అటే.

అంబాజీపేట_అబ్బాయి
మా పక్కన గన్నవరం ఉంది గానీ దాంట్లో అక్విడక్టు తప్ప విమానం లేదు :)

భీమవరం_బుల్లోడు
పి.గన్నవరం కాదు మహాప్రభో, విజయవాడ గన్నవరం!

జొన్నాడ_డ్రైవర్
భీమవరానికి గన్నవరం సరే. గుడివాడ మీదుగా పోతే దగ్గరే. కోనసీమ నుంచి గన్నవరం అంటే సిద్ధాంతం వంతెన దాటి తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు అన్నీ చూసుకుంటూ పోవాలి. మూడు గంటల పైమాటే. పెద్దావిణ్ణి అంత తిప్పొద్దు.

మధురపూడికి మీ దారి చెప్తాను. ముక్కామల, కొత్తపేట, రావులపాలెం దాకా రోడ్డు ఇరుకు, ఎదర ట్రాక్టర్ ఉంటే దాని వెనకే. రావులపాలెంలో హైవే ఎక్కాక గౌతమి దాటి జొన్నాడ, వేమగిరి దాకా సాఫీ. మోరంపూడి, లాలాచెరువు దగ్గర సాయంత్రం పూట ఆగుతుంది. అక్కణ్ణుంచి కోరుకొండ రోడ్డు. ఊళ్ళో దిగి టిఫిన్ చేద్దాం అనుకోకండి, దేవీచౌక్ వైపు పోయారంటే అరగంట అక్కడే. కారులో రెండు గంటలు, నేనైతే రెండున్నర వేసుకుంటాను.

పాలకొల్లు_పిల్ల
నదికి ఏ ఒడ్డున ఉన్నామన్నది చూసుకోవాలి ముందు. మా పాలకొల్లు, నర్సాపురం వాళ్ళకి రెండు ఎయిర్‌పోర్టులూ ఇంచుమించు ఒకటే, ఆ రోజు ఏది చవకైతే అది. చించినాడ వంతెన అవతల రాజోలు, మలికిపురం వాళ్ళు మధురపూడి అంటారు. గాల్లో 360నా 265నా అని చూస్తే ఏం ఉపయోగం, ఇంటి దగ్గర్నుంచి మొదలెట్టి లెక్కేయాలి.

పంటు_రేవు
సఖినేటిపల్లి నుంచి మాట్లాడుతున్నా. మాకైతే నర్సాపురం వైపు పోవాలంటే గోదారి దాటించే పంటు టైము కూడా కలపాలండి. ఆయ్.

భానుగుడి_సెంటర్
కాకినాడకి ఎయిర్‌పోర్టు లేకపోవడం అన్యాయం. ఇంత పోర్టు పెట్టుకుని విమానానికి మధురపూడి పోవాలి.

లెక్కల_మాస్టారు
ఆ అన్యాయానికి వేరే థ్రెడ్ మొదలెట్టండి బాబూ. ఇక్కడ ఆవిడ ప్రయాణం చూద్దాం.

బస్సే_బెస్ట్
నా మాట ఎవరూ పట్టించుకోలేదు. అంబాజీపేట నుంచి మధురపూడి రెండున్నర గంటలు, అక్కడ రెండు గంటల ముందుండాలి, విమానం గంటా పావు, దిగి సామాను తీసుకోవడం అరగంట. ఆరుంపావు గంటలు అయింది. బస్సు తొమ్మిది గంటలు, అదీ నిద్రలో. ఎంత మిగిలిందంట?

జొన్నాడ_డ్రైవర్
ప్రయాణం ఎప్పుడో చెప్పండి ముందు.

అంబాజీపేట_అబ్బాయి
జనవరిలో. కనుమ మర్నాడు.

జొన్నాడ_డ్రైవర్
అయిపోయింది. సంక్రాంతి తిరుగు ప్రయాణం. విజయవాడ దాటాక హైదరాబాద్ హైవే మీద పంతంగి టోల్ గేటు దగ్గర కార్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడతాయి. బస్సు ఎన్ని గంటలకి చేరుతుందో ఆ డ్రైవరే చెప్పలేడు. ఫ్లైట్ అందుకోవాల్సిన మనిషిని అందులో ఎక్కించకండి.

బస్సే_బెస్ట్
పండగ రోజుల్లో అంటే ఒప్పుకుంటా. మిగతా రోజుల్లో నా మాట నాదే.

పాలకొల్లు_పిల్ల
పండగ కాకపోయినా, బస్సు పొద్దున్న ఆరింటికి దింపితే ఆవిడ రాత్రి తొమ్మిదిన్నర దాకా ఎక్కడ కూర్చుంటారు?

మోసలపల్లి_ప్రభ
కనుమ మర్నాడు కాబట్టి బతికిపోయారు. కనుమ రోజైతే మా జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళ ప్రభలన్నీ (దేవుణ్ణి పెట్టి ఊరేగించే పెద్ద పెద్ద అలంకారాలు) వస్తాయి. అంబాజీపేట చుట్టూ ఏ రోడ్డూ కదలదు. జనం భుజాల మీద ప్రభని ఎత్తుకుని కౌశిక కాలువ దాటిస్తుంటే కారు హారన్ ఎవరు వింటారు? ఎవరన్నా కనుమ రోజున ఫ్లైట్ పెట్టుకుంటే ముందురోజే రావులపాలెం అవతల పడుకోండి.

సాల్మియా_పిన్ని
ఇంతసేపూ దూరం గురించే మాట్లాడుతున్నారు. అసలు సంగతి రెండు వేరు వేరు టికెట్లు. నేను కువైట్‌లో ఉంటాను, మా పిన్నత్తలు, తోటికోడళ్ళు ఇలా వస్తూపోతూ ఉంటారు కాబట్టి చెప్తున్నా, శ్రద్ధగా వినండి.

ఒకే టికెట్ మీద రాజమండ్రి నుంచి దుబాయ్ దాకా ఉంటే మొదటి విమానం లేటయినా వాళ్ళే వేరే విమానంలో ఎక్కిస్తారు. విడివిడిగా తీస్తే రెండో కంపెనీవాళ్ళకి మీ మొదటి విమానంతో సంబంధం లేదు. కౌంటర్ మూసేశాక వెళ్తే టికెట్ డబ్బులు పోయినట్టే. మా తోటికోడలికి అలాగే అయింది. ఆ పూట మంచు, రాజమండ్రి విమానం మూడు గంటలు కదల్లేదు. శంషాబాద్‌లో దిగేసరికి కువైట్ కౌంటర్ మూసేశారు. రాత్రంతా ఎయిర్‌పోర్టులో కుర్చీలో కూర్చుని మర్నాడు కొత్త టికెట్ కొనుక్కుని వచ్చింది.

సామాను కూడా చూసుకోండి. దుబాయ్ టికెట్‌కి ముప్పై కిలోలు ఇచ్చినా, రాజమండ్రి నుంచి హైదరాబాద్ టికెట్‌కి మామూలుగా పదిహేనే. మిగతాదానికి డబ్బు కట్టాలి. కౌంటర్ దగ్గర కట్టేకంటే ముందే ఆన్‌లైన్‌లో కడితే తక్కువ పడుతుంది. శంషాబాద్‌లో కింద దిగి, పెట్టెలు తీసుకుని, బయటికి వచ్చి, మళ్ళీ పై అంతస్తులో డిపార్చర్స్‌కి వెళ్ళాలి. అలవాటు లేని మనిషికి ఇదే కష్టం. టికెట్ తీసేటప్పుడే వీల్‌చైర్ అడగండి. నడవలేకే అడగాలని లేదు, పెద్దవాళ్ళకి తోడుగా ఒక మనిషి వస్తాడు, ఇమిగ్రేషన్ దాకా తీసుకెళ్తాడు. వీసా ప్రింటు, రిటర్న్ టికెట్ ప్రింటు చేతిసంచీలో పెట్టండి, ఫోన్‌లో ఉన్నాయి కదా అనుకోవద్దు.

అంబాజీపేట_అబ్బాయి
పిన్నిగారూ, చాలా మంచిమాట చెప్పారు. బావగారు టికెట్ తీసేశారు కాబట్టి ఒకే టికెట్ ఇక కుదరదు. పొద్దున్న ఏడింటి ప్రాంతంలో ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఒకటి, సాయంత్రం ఐదింటికి ఒకటి కనిపిస్తున్నాయి. నేను ఐదింటిది అనుకున్నాను. ఆరుంపావుకి దిగితే తొమ్మిదిన్నరకి మూడుంపావు గంటలు ఉంది కదా?

రన్‌వే_05
వద్దు. కాగితం మీద మూడుంపావు. పెట్టె చేతికొచ్చేసరికి ఏడు. దుబాయ్ కౌంటర్ ఎనిమిదిన్నరకల్లా మూసేస్తారు. అసలు మిగిలింది గంటన్నర. సాయంత్రం విమానం అంటే పొద్దున్నుంచి నాలుగు ఊళ్ళు తిరిగిన బండి, ఎక్కడ లేటయినా ఆ లేటు దాని నెత్తినే పడుతుంది. ఐదింటిది గంటన్నర ఆలస్యం అయిందంటే ఇక చేసేదేం ఉండదు.

భీమవరం_బుల్లోడు
అయితే పొద్దున్నది తీసేయండి, గొడవ వదిలిపోతుంది.

రన్‌వే_05
జనవరి పొద్దున్న మధురపూడిలో మంచు పడితే రన్‌వే కనపడదు. సూర్యుడు పైకొచ్చి విడిపోయేదాకా పైన చక్కర్లు కొట్టడమో, వెనక్కి పోవడమో. పైగా ఏడింటికి అంటే వీళ్ళు అంబాజీపేటలో రెండున్నరకి బయల్దేరాలి, ఆ మంచులోనే. ఒంటిగంటన్నరది తీయండి. అది మూడు గంటలు లేటయినా ఆరులోపు దిగుతుంది.

జొన్నాడ_డ్రైవర్
దీనికి నా ఓటు కూడా. మంచులో రావులపాలెం రోడ్డు మీద తోలడం మాకే భయం.

లెక్కల_మాస్టారు
దుబాయ్ టికెట్ మీద టైములు చూసి అమ్మగారు కంగారు పడకుండా ఒక మాట చెప్పండి. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. రాత్రి తొమ్మిదిన్నరకి బయల్దేరి పన్నెండుకి దిగినట్టు ఉంటే రెండున్నర గంటలే అనుకుంటారు. నిజానికి నాలుగు గంటలు. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు కాగితం మీద ఐదు గంటలు కనిపిస్తుంది, కూర్చునేది మూడున్నరే.

పాలకొల్లు_పిల్ల
వెళ్ళేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు మూడున్నరా? అదే దారి కదా మాస్టారూ.

లెక్కల_మాస్టారు
గాలి. చలికాలంలో పైన, విమానాలు పోయే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఏటికి ఎదురీత, వచ్చేటప్పుడు వాలున పడవ. వానాకాలంలో మన దక్షిణాది మీద పైగాలి తిరగబడుతుంది, అప్పుడీ తేడా తగ్గుతుంది, ఒక్కోసారి అటుదిటు అవుతుంది.

రన్‌వే_05
మన ఏటీఆర్ అంత ఎత్తుకి పోదు కాబట్టి దానికి తేడా కొన్ని నిమిషాలే. దానికి ఇంకో సంగతి ఉంది. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరగా ఉంటుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి. మనవాళ్ళు తూర్పు నుంచి వెళ్తారు. పడమటిగాలి ఉంటే నేరుగా వెళ్ళి దిగిపోవచ్చు. తూర్పుగాలి ఉంటే ఎయిర్‌పోర్టు పక్కనుంచి దాటిపోయి, అవతల తిరిగి రావాలి. కిటికీలోంచి రన్‌వే కనపడుతూనే ఉంటుంది, విమానం మాత్రం ఇంకా ముందుకి పోతుంటుంది. ‘దాటేశాడేంటి’ అని కొత్తవాళ్ళు హడలిపోతారు. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

కోటిపల్లి_రేవు
తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ అడగమనండి. నైరుతి నుంచి దిగే రోజైతే గోదారి దాటుకుంటూ వస్తుంది, కుడి పక్కన వంతెనలన్నీ వరసగా, వాటి వెనకాల ధవళేశ్వరం బ్యారేజీ. గోదారి అక్కణ్ణుంచి రెండుగా చీలి గౌతమి, వశిష్ఠ అయ్యేది పైనుంచి చూస్తే గానీ తెలీదండి. పుట్టి బుద్ధెరిగి ఈ నేల మీద ఉండి, దీని ఆకారం నేను చూసింది ఆ కిటికీలోంచే.

పంటు_రేవు
ఫొటో ఉంటే పెట్టండి గురూగారూ.

సాల్మియా_పిన్ని
ఇంకోటి మర్చిపోయా. పురిటికి కదా, కాయం (బాలింతకి పెట్టే మందు), నెయ్యి, పచ్చళ్ళు ఉంటాయి. నెయ్యి, పచ్చడి చేతిసంచీలో పెడితే తీసి పక్కన పెట్టేస్తారు. పెద్ద పెట్టెలో, నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేయించి వేయాలి. ఆత్రేయపురం పూతరేకులు డబ్బాతో చేతిలో పట్టుకెళ్ళొచ్చు, పెట్టెలో వేస్తే పొడే.

రన్‌వే_05
అంబాజీపేట అన్నారు కాబట్టి మరీ మరీ చెప్తున్నా. ఎండుకొబ్బరి వద్దు. చేతిసంచీలోనూ వద్దు, పెద్ద పెట్టెలోనూ వద్దు. అందులో నూనె ఎక్కువ, వేడెక్కి దానంతటది అంటుకోగలదని విమానాల్లో నిషేధం. కోనసీమ ప్రయాణికుల పెట్టెలు ఎక్స్‌రే దగ్గర ఆగేది ఎక్కువగా దీనికే. పెట్టె విప్పించి తీయించేసరికి లైన్లో వెనకబడిపోతారు.

మోసలపల్లి_ప్రభ
కొబ్బరి మార్కెట్ ఊరివాళ్ళని పట్టుకుని కొబ్బరి వద్దంటారా :)

అంబాజీపేట_అబ్బాయి
అమ్మ రెండు కిలోల కురిడీలు ఆల్రెడీ సర్దేసింది! ఇప్పుడే తీయిస్తాను.

అందరికీ ధన్యవాదాలండీ. ఒంటిగంటన్నర ఫ్లైట్ తీసేశాను. వీల్‌చైర్ కూడా పెట్టాను. అదనంగా పది కిలోలకి ఆన్‌లైన్‌లోనే కట్టాను. శంషాబాద్‌లో మా మేనమామ కొడుకు వచ్చి పెట్టెలు తీయించి పైకి తీసుకెళ్తానన్నాడు. ఇంటి దగ్గర ఎనిమిదిన్నరకి బయల్దేరితే చాలా?

జొన్నాడ_డ్రైవర్
ఎనిమిదికి బయల్దేరండి. ముక్కనుమ రోజు చుట్టాలందరూ తిరిగి వెళ్ళేది ఆ దారినే, రావులపాలెం సెంటర్‌లో ఒక అరగంట పోతుంది. పదకొండుకల్లా మధురపూడిలో ఉంటారు. కౌంటర్ గంట ముందు మూసేస్తారు, అంటే పన్నెండున్నర. టిఫిన్ ఇంట్లోనే పెట్టించి తీసుకురండి.